అద్దంలో పసుప్పచ్చ లైటు

వానకి కూడా ఒక మర్యాద ఉంటుంది. కాసేపు కురిసి, కాస్త తెరిపి ఇచ్చి, మళ్ళీ మొదలెడుతుంది. కెనడా వైపు సుపీరియర్ సరస్సు ఒడ్డున ఆ రోజు పట్టిన ముసురుకి ఆ మర్యాద తెలీదు. తెల్లవారుజామున ఎలా మొదలైందో మధ్యాహ్నానికీ అలాగే పడుతోంది.

వైట్ రివర్ ఊళ్ళో రోడ్డు పక్క హోటల్లో, కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చుని ఐనార్ బఠాణీ సూపు తాగుతున్నాడు. కళ్ళు మాత్రం బయట తడుస్తున్న రెండు మోటారు సైకిళ్ళ మీదే ఉన్నాయి. పెద్దది అతనిది. చిన్నది కూతురు మారిట్‌ది. ఐనార్ అమెరికా వైపు డులూత్ రేవులో క్రేన్లు బాగు చేసే మనిషి. ఏటా వేసవిలో సెలవు పెట్టి, సరిహద్దు దాటి, ఆ మహా సరస్సుని బండి మీద ఒక చుట్టు చుట్టి ఇంటికి పోవడం అతనికి మొక్కులాంటిది. ఈసారి మారిట్ కూడా బయల్దేరింది. పిల్లకి లైసెన్సు వచ్చింది ఈ వసంతంలోనే.

ఆ విషయం మీద ఇంట్లో పెద్ద గొడవే అయింది. భార్య కారిన్ వారం పాటు మూతి ముడుచుకుని తిరిగింది. చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. పిల్ల ఎప్పుడూ నీ అద్దంలో కనబడాలి, అద్దంలోంచి పోయిన మరుక్షణం నువ్వు ఆగాలి, అంది. ఐనార్ కూతురి బండికి పాతకాలపు పసుప్పచ్చ బల్బు వెతికి మరీ బిగించింది అందుకే. ఇప్పుడొచ్చే బళ్ళన్నిటికీ తెల్ల లైట్లు. అద్దంలో పసుపు కనబడితే అది తన పిల్లే. ఇంకెవరూ కావడానికి వీల్లేదు.

"నాన్నా, ఈ వానకి చేపలకి కూడా జలుబు చేసేట్టుంది," అంది మారిట్ ముక్కు చీదుకుంటూ.

"బండెక్కినవాళ్ళు వానని తిట్టకూడదే. వెళ్ళి కారు కొనుక్కోమంటుంది."

"అమ్మ కూడా అదే అంటోంది."

వడ్డించే ఆవిడ కాఫీ పోస్తూ, ఇవాళ బళ్ళవాళ్ళెవరూ కదల్లేదనీ, వెనక గదులు ఖాళీగానే ఉన్నాయనీ, ఉండిపొమ్మనీ చెప్పింది. మంచి మాటే. కానీ మంచి మాట వింటే అతను ఐనార్ ఎందుకవుతాడు? వావా ఊళ్ళో గది మాట్లాడుకున్నామన్నాడు, ఇలాంటి వానలు చాలా చూశామన్నాడు. మారిట్ తండ్రి వంక చూసి నవ్వింది. నిన్నటి వానకి ఆమె హెల్మెట్ లోపలి స్పీకరు చచ్చి ఊరుకుంది. నిన్నటిదాకా ఇద్దరూ బళ్ళ మీదే కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. ఇవాళ చేతి సైగలే. తను చెయ్యెత్తితే మారిట్ లైటు కొట్టాలి. కొట్టిందంటే క్షేమంగా ఉన్నట్టు.

బయల్దేరారు.

ఊరు దాటాక ఇంకేమీ లేదు. రెండు పక్కలా నల్లటి అడవి, మధ్యలో నల్లటి రోడ్డు. దుంగల లారీ ఎదురొచ్చినప్పుడల్లా బకెట్టుతో కొట్టినట్టు మొహం మీద నీళ్ళు. తడిసిన మట్టివాసన, దేవదారు జిగురు వాసన, వేడి ఇంజను మీద పడి ఆవిరయ్యే వాన వాసన. గ్లౌజుల్లోకి నీళ్ళు దిగి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఐనార్ నిమిషానికోసారి అద్దంలోకి చూస్తున్నాడు. పసుప్పచ్చ లైటు మలుపు దగ్గర వెనకబడుతోంది, నేరుగా ఉన్నచోట గబగబా వచ్చి కలుసుకుంటోంది. కొత్తగా నేర్చుకున్నవాళ్ళు అలాగే నడుపుతారు. అతనికి లోపల్లోపల దిగులుగానే ఉంది. ఆవిడ గదులున్నాయంది కదా, ఉండిపోతే నా సొమ్మేం పోయేది, అని తనని తానే తిట్టుకున్నాడు.

అప్పుడు కనబడింది హెల్మెట్.

రోడ్డు అంచున, తెల్లగీత మీద, తిన్నగా నిలబెట్టి ఉంది. నల్లది. అచ్చం ఐనార్ దానిలాంటిదే.

బళ్ళవాళ్ళలో ఒక కట్టుబాటుంది. బండి చెడిపోయినా, ఒంట్లో బాగోకపోయినా, హెల్మెట్ తీసి గీత మీద పెడతారు. ఆపదలో ఉన్నాను, ఆగమని దానర్థం. అది చూసి కూడా ఆగకుండా పోయినవాడితో మిగతావాళ్ళు కాఫీ కూడా తాగరు. ఐనార్ ఆగాడు. వెనకే మారిట్ ఆగింది.

బండి లేదు. మనిషి లేడు. ఐనార్ పక్కన గుంటలోకి తొంగి చూశాడు, కొంచెం దూరం వెనక్కి నడిచి కేకలేశాడు. చక్రం జారిన గుర్తు లేదు, విరిగిన కొమ్మ లేదు. వాన చప్పుడు తప్ప జవాబు లేదు. తిరిగొచ్చి హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు.

పొడిగా ఉంది.

పైన పొడి. లోపల గుడ్డ కూడా పొడి. అంతేకాదు, ఎవరో అప్పుడే తల మీంచి తీసినట్టు వెచ్చగా ఉంది. మారిట్ కూడా చెయ్యి పెట్టి చూసి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"అక్కడే పెట్టెయ్ నాన్నా. ఎవరిదో ఏమిటో."

"ఎవరిదైనా మనలాంటి వాళ్ళదే. ఇక్కడే వదిలేస్తే ఇంకో పిచ్చాడు దీన్ని చూసి తడిరోడ్డు మీద బ్రేకు కొడతాడు. వావాలో పోలీసులకిచ్చేద్దాం."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కేవాడికి ఆ సామెత ఎప్పుడూ గుర్తుండదు. ఐనార్ బండి వెనక సామాను నిండా ఉంది. అందుకని ఆ హెల్మెట్‌ని మారిట్ వెనకసీటు మీద పెట్టి, సాగే వల లాగి కట్టి, నాలుగు కొక్కేలూ తనే గట్టిగా తగిలించాడు.  మారిట్ సీటు మీద కాస్త ముందుకి జరిగి కూర్చుంది.

మళ్ళీ కదిలారు. సరస్సు మీంచి పొగమంచు పైకొచ్చి రోడ్డుని కమ్మేసింది. పట్టపగలే మసక చీకటి. ఐనార్ అద్దంలోకి చూశాడు. పసుపు లైటు ఉంది. ఇంకో మలుపు తిరిగాడు. ఉంది. గుట్ట ఎక్కాడు, దిగాడు, పాము మెలికల్లాంటి వంపులు దాటాడు. లైటు ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలోనే, గీత గీసినట్టు ఉంది. వెనకబడటం లేదు. తొందరపడి మీదికి రావడం లేదు.

నేర్చేసుకుంది, అనుకున్నాడు. ఛాతీ పొంగింది. ఇందాకటి దిగులంతా పోయింది. నా కూతురు కదా అనుకున్నాడు. ఇంటికెళ్ళగానే కారిన్‌తో ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో కూడా మాటలు పేర్చుకున్నాడు. అలా చాలాసేపు, చాలా దూరం సంతోషంగా నడిపాడు పాపం.

మెచ్చుకోలుగా చెయ్యెత్తాడు.

లైటు కొట్టలేదు.

చూసుకోలేదేమో. మళ్ళీ ఎత్తాడు. కాసేపు ఎత్తే ఉంచాడు... లైటు అలాగే ఉంది. వేగం తగ్గించాడు. అదీ తగ్గించింది. పెంచాడు. అదీ పెంచింది. ఒక్క క్షణం ముందూ కాదు, వెనకా కాదు. ఎంత అనుభవం ఉన్నవాడైనా తడిరోడ్డు మీద అలా నడపలేడు. ఐనార్ వేళ్ళలో చలి మోచేతుల దాకా పాకింది.

రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి తీసి ఆపాడు. లైటు కూడా ఆగింది. వెనక దూరంగా, పొగమంచులో. దగ్గరికి రాలేదు.

"మారిట్," అని అరిచాడు.

వాన.

హెల్మెట్ తీసి, అలవాటు ప్రకారం బండి వెనక తెల్లగీత మీద పెట్టి, లైటు వైపు నడిచాడు. పిల్లకి ఒంట్లో బాగోలేదేమో, భయపడి దిగలేకపోతోందేమో, అని తనకి తాను చెప్పుకుంటున్నాడు. కానీ ఇంజను చప్పుడేదీ? అంత నిశ్శబ్దంలో బండి తిరుగుతుంటే వినబడాలి కదా. నడుస్తున్నాడు. లైటు కదలదు, రెప్ప వేయదు. దాని చుట్టూ వాన చినుకులు కనబడాలి... కనబడటం లేదు.

ఇంకాస్త దగ్గరికి వెళ్ళాడు.

లైటు ఆరిపోయింది.

పరిగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. రోడ్డు మీద, ఒక బండి పొడుగున, బండి వెడల్పున, తారు పొడిగా ఉంది. చుట్టూ వాన దంచి కొడుతోంది. ఆ జాగా మాత్రం ఎండాకాలపు రోడ్డులా తెల్లబారి ఉంది. అతను చూస్తుండగానే దాని మీద మొదటి చినుకు పడింది. తర్వాత ఇంకోటి. తర్వాత అంతా తడిసి, మిగతా రోడ్డులో కలిసిపోయింది.

అప్పుడు తట్టింది అతనికి అసలు సంగతి.  ఇంతసేపూ తన వెనక వచ్చింది మారిట్ కాకపోతే, మారిట్ ఎక్కడ? ఎక్కణ్ణించి తన వెనక లేదు? అద్దంలోంచి పోయిన మరుక్షణం ఆగుతానని మాటిచ్చాడు. పోయిందని తెలిస్తే కదా ఆగడానికి.

పడుతూ లేస్తూ వెనక్కొచ్చాడు. గీత మీది హెల్మెట్ తీసి తలకి తగిలించుకున్నాడు. లోపల వెచ్చగా తగిలింది. అది పట్టించుకునే స్థితిలో లేడు. బండి తిప్పి, వచ్చిన దారినే పోనిచ్చాడు.

ప్రతి గుంటలోకీ చూశాడు. ప్రతి మలుపు దగ్గరా రోడ్డు అంచున ఇనపకమ్మీ వంగిందేమో చూశాడు. దేవుణ్ణి ఎప్పుడూ పెద్దగా ఇబ్బంది పెట్టని మనిషి, ఆ దారి పొడుగునా ఆయన్ని వదలకుండా వేడుకున్నాడు. నా చేతులు తీసుకో, కాళ్ళు తీసుకో, బండి తీసుకుపో, పిల్లని మాత్రం ఇచ్చెయ్ అన్నాడు. తెల్లలైట్ల కారు ఒకటి ఎదురొచ్చి వెళ్ళిపోయింది. అంతే.

పాత రోడ్డు చీలిక దగ్గర అతని కళ్ళు నిలిచిపోయాయి. ఆ రోడ్డు మూసేసి ఏళ్ళయింది. అడ్డంగా బండరాళ్ళు పెట్టారు. కారు దూరదు గాని, బండి దూరుతుంది. రాళ్ళ మధ్య తడికంకరలో చక్రం గుర్తు ఉంది. ఒక్క బండిదే. సన్నటి చక్రం. లోపలికి వెళ్ళిన గుర్తే గాని తిరిగొచ్చిన గుర్తు లేదు.

ఆ రోడ్డు చివర నది ఉంది. వంతెన లేదు. ఎప్పుడో వరదకి కొట్టుకుపోయింది. ఆ సంగతి ఐనార్‌కి తెలుసు. మారిట్‌కి తెలీదు.

కంకరలో బండి అటూ ఇటూ తన్నుకుంటున్నా ఆపలేదు. నీటి హోరు అంతకంతకూ పెద్దదవుతోంది. పొదలు భుజాలకి గీసుకుంటున్నాయి. ఇంక రోడ్డు అయిపోతుందనగా... ముందు పసుపు వెలుగు. ఈసారి దాని నిండా వాన చినుకులు మెరుస్తున్నాయి.

మారిట్ బండి దిగి నిలబడి ఉంది. ముందు చక్రానికి బారెడు దూరంలో రోడ్డు తెగిపోయి ఉంది. కింద ఎర్రమన్ను కలిసిన నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. తండ్రిని చూసి ఆమె రాలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వేనా?" అంది నెమ్మదిగా.

"నేనే తల్లీ."

"ఏదీ, హెల్మెట్ తీసి మొహం చూపించు."

తీశాడు. అప్పుడొచ్చి వాటేసుకుని ఏడ్చింది.  ఐనార్ కూడా ఏడ్చాడు. వానలో ఎవరికీ తెలీదులే అనుకున్నాడు.

"నీ వెనకే వచ్చాను నాన్నా. నీ ఎర్రలైటు చూస్తూనే వచ్చాను. నువ్వు ఇటు తిరిగావు, చెయ్యూపి రమ్మన్నావు."

"మరెలా ఆగావే?"

"పొద్దుట్నుంచీ నీ చక్రం నా మొహం మీదికి నీళ్ళు చిమ్ముతూనే ఉంది కదా. హెల్మెట్ అద్దం తుడుచుకోలేక చచ్చాను. ఇందాకట్నుంచి చుక్క పడలేదు. హాయిగా ఉందనుకున్నాను... తర్వాత అనిపించింది, ఇంత నీళ్ళున్న రోడ్డు మీద చక్రం చిమ్మకుండా ఎలా పోతుంది అని. బ్రేకు వేసేశాను." నది వైపు చూపించింది.  "నువ్వు ఆగలేదు. ఆ చివరిదాకా వెళ్ళావు. నీళ్ళ మీంచి వెళ్ళిపోయావు."

ఐనార్ నది వైపు చూడలేదు. మారిట్ వెనకసీటు వైపు చూశాడు. సాగే వల బిగుతుగా అలాగే ఉంది. నాలుగు కొక్కేలూ తను తగిలించినచోటే ఉన్నాయి. లోపల హెల్మెట్ లేదు.

పోతే పోయింది, పీడా విరగడైంది అన్నాడు. ఇకనుంచి నువ్వు ముందు, నేను వెనక, నా కళ్ళెదురుగా ఉండు అన్నాడు. పెద్దరోడ్డెక్కాక, బండికున్న రెండద్దాలూ కిందికి వంచేశాడు. వెనక చూడవలసిన వాళ్ళెవరూ లేరు. అద్దాల్లో ఏదైనా కనబడితే తట్టుకునే ఓపికా లేదు.

కొంత దూరం పోయాక చెవిలో చిన్న గరగర. తర్వాత మారిట్ గొంతు.

"నాన్నా, ఉన్నావా?"

ఐనార్‌కి ప్రాణం లేచొచ్చింది. "ఉన్నా తల్లీ. నీ స్పీకరు ఆరిందా?"

"ఆరింది. బాగా ఆరింది."

నవ్వింది. ఆ నవ్వు వింటే పొద్దుట్నుంచి పడ్డ బాధంతా చేత్తో తీసేసినట్టనిపించింది. ముందు ఎర్రలైటు వానలో నీళ్ళు చిమ్ముకుంటూ పోతోంది, చెవిలో కూతురు మాట్లాడుతోంది. ఇంకేం కావాలి? చలిగా ఉందంది. ఇల్లు ఎలా ఉంటుందో, అమ్మ ఏం చేస్తుంటుందో చెప్పమంది. పిల్ల భయం పోగొట్టుకోడానికి అడుగుతోంది కాబోలని ఐనార్ అన్నీ చెప్పాడు. వాకిలి, వంటగది, మేడ మీద ఆమె గది, గదిలో కిటికీ.

వావా దీపాలు కనబడే ముందు అడిగింది.

"నాన్నా, రేపట్నుంచి నీ వెనక నేనే రానా?"

"నీకు అదే అలవాటైతే నువ్వే రా. ఇంకెవరొస్తారు?"

"ఇంటిదాకా?"

"ఇంటిదాకా," అన్నాడు ఐనార్.

వావాలో మోటెల్ గది వెచ్చగా ఉంది. బళ్ళు రెండూ కిటికీ ఎదురుగా వానలోనే నిలబెట్టారు. గదిలోకి అడుగు పెట్టగానే కారిన్ ఫోను. పిల్లేదీ అని మొదటి మాటే అడిగింది. ఇదిగో, ఎదురుగానే ఉంది, అన్నాడు. కొద్దిగా వానకి ఆలస్యమైందంతే, అన్నాడు. మారిట్ తువ్వాలు తీసుకుని హెల్మెట్లు తుడవడానికి కూర్చుంది. తనది తుడిచింది. తండ్రిది ఒళ్ళోకి తీసుకుంది. తుడవలేదు.

"నాన్నా... ఇది తడవలేదేంటి?"

ఐనార్ ఫోను పెట్టేశాడు.

మారిట్ దాన్ని వెనక్కి తిప్పింది. ఇంటి దగ్గర బయల్దేరేముందు ఆమె తన చేత్తో తండ్రి హెల్మెట్ వెనక ఎర్రటేపు అతికించింది, వానలో కనబడుతుందని. ఆ టేపు లేదు. లోపల గుడ్డ పక్కకి లాగి చూసింది. స్పీకరు లేదు. వైరు లేదు. ఎప్పుడూ ఉన్న గుర్తు కూడా లేదు.

తెల్లగీత మీంచి తను ఏది తీసి పెట్టుకున్నాడో అప్పుడర్థమైంది ఐనార్‌కి. తనది ఇంకా ఆ గీత మీదే ఉండి ఉంటుంది, తిరిగొస్తూ పొగమంచులో ఇద్దరూ చూసుకోలేదంతే. రేపు ఎవడో మంచివాడు దాన్ని చూసి ఆగుతాడు.

"దారంతా నాతో మాట్లాడావు కదే," అన్నాడు. 

మారిట్ తల అడ్డంగా ఊపింది. సంచిలో చెయ్యి పెట్టి, తడిసి పాడైన స్పీకరు తీసి బల్ల మీద పెట్టింది. నిన్న రాత్రే పీకేశానంది. నీకు చెప్పలేదా అంది. తర్వాత తండ్రి మొహంలోకి చూసింది.

"ఏం అడిగింది నాన్నా? నువ్వేం చెప్పావు?"

 ఐనార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాన ఇంకా అలాగే పడుతోంది. బళ్ళు రెండూ తడుస్తున్నాయి. రెండింటికీ మధ్య, సిమెంటు నేల మీద, ఒక బండి పట్టేంత జాగా పొడిగా ఉంది. ఇల్లు ఇంకా చాలా దూరం.